చిరుతపులి ఏ మండలానిది?

“ఈ పొద్దు నువ్వు తిరిగి ఇల్లు సేరితే అది నీ తెలివి కాదు ఈరన్నా, పులికి ఆకలి కాలేదని అర్థం!”

హులిగమ్మ ఈ మాటను గడపలో నిలబడి, రేపు వీధివాళ్లంతా సాక్ష్యం చెప్పగలిగేంత గట్టిగా అంది. అప్పటికి జరిగిందేమీ లేదు. ఆమె కొడుకు వీరన్న ఇంకా సైకిలు స్టాండు కూడా తీయలేదు. పులి సంగతి తెలియదు గానీ, అదీ ఇంకా లేచి ఉండదు.

ఏ ప్రభుత్వమైనా రోడ్డు వేయడం మరిచిపోవచ్చు గాక, వేయని రోడ్డుకు నియమాలు వేయడం మాత్రం మరిచిపోదు. తాలూకాలు పోయి మండలాలు వచ్చిన ఆ ఏడు, ఆదోని పక్కన కొండ మీది కాలిబాట ఈ సత్యాన్ని దేశానికి చాటింది. ఆ బాటను వేసింది మేకలు. (వాటికి ఇంజనీరింగు చదువు లేదు. అందువల్లనే కాబోలు, బాట ఇంతవరకు కొట్టుకుపోలేదు.) మేకలు వేసిన ఆ బాటను ‘సైకిళ్లు పోదగిన కొండదారి’గా ప్రకటించి, దానిని కనిపెట్టుకుని ఉండడానికి ఒక కార్యాలయాన్ని కూడా ఇచ్చారు. దాని పేరు కొండదారుల సైకిలు రాకపోకల ఉపకార్యాలయం. మూతబడిన శెనగనూనె మిల్లు మేడ మీద ఉండేది. కిటికీ తెరిస్తే కొండ కనిపించేది గనుక, పనికి అడ్డమని కిటికీ మూసి ఉంచేవారు.

మండలాలు రాగానే కొండ ఇవతలి వాలు ఒక మండలంలోకి, అవతలి వాలు ఇంకొక మండలంలోకి పోయాయి. దాంతో కార్యాలయం కూడా ఇవతలి విభాగం, అవతలి విభాగం అని రెండయింది. రెండు విభాగాలున్న చోట ఉత్తరాలు పుట్టక తప్పదు. ఉత్తరాలు పుట్టిన చోట వాటిని మోసేవాడు పుట్టక తప్పదు. అట్లా పుట్టినవాడే వీరన్న. పేరుకు ‘తాత్కాలిక సైకిలు జవాను’. పని ఉన్న రోజు కూలి, లేని రోజు మర్యాద.

నియమాలు వాడికి నోటికి వచ్చు. కొండదారిలో సైకిలు తొక్కువాడు ప్రతి మలుపులోనూ బెల్లు కొట్టవలెను. కొండలోని జంతువుల నిద్రకు భంగము కలిగించరాదు. (ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు తగులుతున్నాయని ఎవరో ఎత్తి చూపగా, బెల్లు మెల్లగా కొట్టవలెనని సవరణ వచ్చింది.) పొద్దు గుంకిన తర్వాత దీపము లేకుండా పోరాదు. పొద్దు గుంకిన తర్వాత అసలే పోరాదు. జంతువు ఎదురైనచో సైకిలు దిగి, ఎడమ పక్కకు ఒదిగి, దారి ఇవ్వవలెను. జంతువు కూడా తన ఎడమ పక్కనే పోవలెను.

హులిగమ్మ అయిదో తరగతి దాకా చదివింది. ఆ చదువు ఇంకెందుకు పనికొచ్చినా రాకపోయినా, భయాలను వరుసలో నిలబెట్టుకోవడానికి బాగా పనికొచ్చింది. కొడుకు మొదటి అడుగు వేసిన రోజు చుట్టుపక్కల వాళ్లంతా చప్పట్లు కొడుతుంటే, ఆ అడుగు పొయ్యి వైపు పడిందని ఆమె గుండె బాదుకుంది. వాడికి ఉద్యోగం వచ్చిందని విని పొంగిపోయింది, ‘కొండ మీద’ అన్న మాట వినబడేదాకా.

“తార్రోడ్డు మింద బస్సులు పోతాండాయి కదరా. పెద్దకడుబూరు బస్సెక్కి సుట్టూ తిరుక్కోని పో.”

“రూలు ఒప్పుకోదమ్మా. దగ్గర దారి ఉండంగ దూరం దారి పోతే ఆ దినం కూలి లేదు.”

“దగ్గర దారేనప్పా. యముని తావుకు శానా దగ్గర.”

“నువ్వొగతూరి సూడల్లమ్మా, దిగేటప్పుడు! ఎక్కేటప్పుడు తోసుకోని పోయేదే, పానం పోతాది. ఆడ పైకి పోయినాంక కాళ్లెత్తేస్తే సాలు. గాలే తోస్తాది. గుండ్ల నడుమ ఇట్ల ఇట్ల మలుపుకోని...”

వాడు చేతులతో మలుపులు చూపిస్తుంటే హులిగమ్మ కళ్లు మూసుకుంది. కొడుకు ముఖంలో సంతోషం కనిపిస్తే ఆమెకు భయం రెట్టింపయ్యేది. సంతోషంగా ఉన్నవాడు ఎదర చూసుకోడని ఆమె నమ్మకం.

“బిరేకుందా?”

“కాలు టైరు మింద అదిమితే నిలబడ్తాది.”

“పులిని సూసినావా?”

వీరన్న వెనక చక్రాన్ని ఒకసారి తిప్పి, అది తిరగడం ఆగేదాకా చూశాడు. “ఒగొగ దినం బండ మింద పండుకోని ఎండ కాంచుకుంటాంటాది. దాని జోలికి నేను పోను, నా జోలికి అది రాదు. యాల బయపడ్తావు సుమ్నే, ఊరికూరికే?”

కొడుకు కొండ వైపు పోగానే హులిగమ్మ కాగితం, కలం తీసుకుంది. ‘మహారాజశ్రీ అధికారి గారికి’ అని మొదలుపెట్టి, కొండదారిలో పులి ఉన్నదనీ, తనకు ఒక్కడే కొడుకనీ, వాడిని తార్రోడ్డు మీద పోనిమ్మనీ రాసి, ఎందుకైనా మంచిదని ‘ఇంతవరకు ఏమీ కాలేదు, అయ్యేలోపలే విన్నవించుకుంటున్నాను’ అని కింద చేర్చింది.

నూనె మిల్లు మేడ మెట్ల మీద అటెండరు తిక్కయ్య బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు.

“సారుండాడాప్పా?”

“ఉండాడు. గానీ లేడు.”

“అంటే?”

“కుర్సీలో ఉండాడు. లెక్కలో శెలవు మింద ఉండాడు. రేపు రా. రేపు లెక్కలో ఉంటాడు.”

“కుర్సీలో ఉంటాడా?”

“అంత దూరం నేను సెప్పలేను హులిగమ్మక్కా.”

లెక్కా కుర్చీ కలిసొచ్చిన రోజున పర్యవేక్షకుడు శ్రీపాదరావు అర్జీ చదివాడు. ఆయన మంచివాడు. ఆయనకు ఎవరి మీదా కోపం లేదు, ఏ పని మీదా తొందర లేదు.

“కూర్చో తల్లీ. పులి అన్నావు. చారలా, మచ్చలా?”

“మచ్చలంట సార్.”

“అయితే చిరుత. చూశావా, పులి అని రాశావు. పులికి ఒక నియమం, చిరుతకు ఇంకో నియమం.”

“తినేటప్పుడు రెండూ ఒగటే కద సార్.”

“తినడం మన పరిధిలోకి రాదు. దారి ఒక్కటే వస్తుంది.” ఆయన కలం తెరిచాడు. “దాని నివాసం?”

“ఈ పక్క గవిలో, గుండ్ల సందులో పండుకుంటాదంట సార్. మేకల్ని మాత్రం ఆ పక్కకు పోయి తింటాదంట.”

శ్రీపాదరావు కలం ఆగింది. చాలా కాలంగా సరైన సమస్య దొరకని మనిషి ముఖంలో వచ్చే వెలుగు ఆయన ముఖంలోకి వచ్చింది. “పడక మన మండలంలో. కూడు పక్క మండలంలో. మనిషయితే రేషన్ కార్డు చూసి చెప్పేస్తాం. చిరుత ఏ మండలానిదో తేలకుండా దాని మీద ఏ చర్య తీసుకున్నా పక్క మండలం అధికారాల్లో వేలు పెట్టినట్టవుతుంది. అవతలి విభాగానికి రాస్తాను.”

“శానా మేలు సార్,” అని హులిగమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

అంతవరకు వీరన్న వారానికి ఒక రోజో, రెండు వారాలకు ఒక రోజో కొండ ఎక్కేవాడు. ఆ వారం నుంచి రోజూ ఎక్కడం మొదలుపెట్టాడు. రోజూ పని దొరుకుతున్నదన్న మాట ఎట్లాగో ఆస్పరి దాకా పాకి, అక్కడి నుంచి పిల్లనిస్తామని కబురు కూడా వచ్చింది. హులిగమ్మ సంబరపడింది. ఆ వెంటనే, పెళ్లిపిల్ల ముఖం వాడు చూస్తాడో లేదోనని దిగులు పడింది.

“యాలరా ఈ మధ్య దినామూ పోతాండావు? ఆ సంచిలో ఏముంటాది అంత అర్జెంటు?”

వీరన్న నవ్వు ఆపుకోలేకపోయాడు. “నీ అర్జీనేమ్మా.”

“ఏందీ?”

“నీ అర్జీకి ఈడినుంచి ఆడికి ఉత్తరం. పడుకున్న తావా, తిన్న తావా, యాది లెక్క అని. ఆడినుంచి ఈడికి ఉత్తరం, పడుకునేది పగలా రాత్రా అని. మళ్ల ఈడినుంచి ఆడికి, పగలే అని. నువ్వు రాసిన కాగితం వల్లనే నేను దినామూ పులి ముందర సైకిలు తొక్కుతాండా.”

హులిగమ్మ ఆ పూట సంగటి ముద్ద చల్లారిపోయేదాకా అట్లాగే కూర్చుంది. తర్వాత చదువుకున్న మనిషి చేయగలిగిన పనే చేసింది. త్వరగా తేల్చమని రెండో అర్జీ పెట్టింది. అది వేరే అర్జీ గనుక దానికి వేరే ఉత్తరాలు నడిచాయి. వీరన్న పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి కొండ ఎక్కసాగాడు. అప్పుడు ఆమె, తన అర్జీలకు సంబంధించిన ఉత్తరాలను దయచేసి కొండ మీదుగా పంపరాదని మూడో అర్జీ పెట్టింది. ఈ కోరిక న్యాయమైనదేనని శ్రీపాదరావు ఒప్పుకుని, అభిప్రాయం కోసం దానిని కొండ మీదుగా అవతలికి పంపాడు.

చివరకు స్థల పరిశీలన చేయాలని రెండు విభాగాలూ తీర్మానించాయి. పనిదినాల్లో అధికారులకు తీరిక ఉండదు గనుక, పీర్ల పండుగ సెలవు నాడు పెట్టుకున్నారు. (అవతలి అధికారి తన మండలం వైపు నుంచి చూస్తానని కబురు చేశాడు. ఎక్కడి నుంచి చూశాడో, ఏం చూశాడో ఇప్పటికీ తేలలేదు.) ముందు వీరన్న సైకిలు తోసుకుంటూ నడిచాడు. వెనక తిక్కయ్య నెత్తిన కుర్చీతో, ఆ వెనక శ్రీపాదరావు గొడుగుతో, అందరికంటే వెనక అర్జీదారు హోదాలో హులిగమ్మ. జంతువు కనబడితే ‘ఇదే’ అని చెప్పడానికి అర్జీదారు ఉండి తీరాలట. దారి పొడుగునా ఆమె ఇలవేల్పులందరికీ మొక్కుకుంది. పండుగ రోజు కదా అని పీర్లకు కూడా ఒక మొక్కు మొక్కింది.

పెద్ద మలుపులో, రెండు రాతిగుండ్ల మధ్య, కుర్చీ వేశారు. శ్రీపాదరావు కూర్చుని కాగితం తీసి, ‘పరిశీలనా సమయమున దారి మిక్కిలి ప్రశాంతముగా నుండెను’ అని రాశాడు.

ఆ వాక్యానికి చుక్క పెట్టకముందే పై నుంచి మడ్‌గార్డు గడగడలాడుతున్న చప్పుడు వచ్చింది. ఆ వెంటనే ఒళ్లంతా పసుపు, ఆ పసుపు మీద నల్లచారలు, నోట్లో కోరలు, తోకను వెనక క్యారియరుకు కట్టుకుని ఒక పులి సైకిలు మీద దిగి వచ్చింది. “హటో! హటో! బిరేకు లేదు! పక్కకు రాండప్పా!” అని అది అరిచింది.

కుర్చీ ఒక్కటే దారిలో మిగిలింది. శ్రీపాదరావు తన ఉద్యోగకాలంలో ఏనాడూ చూపని చురుకుతో గుండు ఎక్కాడు. అక్కడ తిక్కయ్య ముందే చేరి, పై అధికారికి చోటిచ్చి వినయంగా ఇంకొంచెం పైకి జరిగాడు. అంత గందరగోళంలోనూ శ్రీపాదరావు చేతిలోంచి కలం జారలేదు. గుండు మీద మోకాళ్లు ఆనించి, ‘అంతట పులి కనబడెను’ అని రాశాడు.

పులి కుర్చీని తప్పించి, కింద జాలిముళ్ల పొదలోకి దూసుకుపోయి ఆగింది. మొదట పరుగెత్తింది హులిగమ్మే. ఎవరి బిడ్డో పడ్డాడన్న తలపు వస్తే ఆమెకు పులీ మనిషీ అన్న తేడా తోచలేదు.

“అయ్యో, గఫూరన్నా! నువ్వా! కన్ను బాగుందా? ఎముక ఇరిగిందా? ఇరిగే ఉంటాది, సూడు సరిగ్గా!”

పరుపులు కుట్టే గఫూర్ సాబ్ కోరలు తీసి జేబు కోసం వెతుక్కున్నాడు. పులికి జేబు లేదు. ఏటా పీర్లకు పులివేషం కడతానని ఆయనకు మొక్కు. “ఏం గాల్యా హులిగమ్మా. అవతలూర్లో ఆడుకోని వస్తాండా. బస్సోడు సీట్లకు రంగు అంటుతాదని ఎక్కిచ్చుకోల్యా. అరె, సారు యాల బండెక్కినాడు?”

“నిన్ను పరిశీలిస్తాండాడు,” అన్నాడు తిక్కయ్య పై నుంచి.

శ్రీపాదరావు మెల్లగా దిగి, ధోవతి సవరించుకుని కుర్చీలో కూర్చున్నాడు. గఫూర్ సాబ్‌ను ఆయన బాగా ఎరుగును. ఆయన పడుకునే పరుపు కుట్టింది కూడా గఫూర్ సాబే. కానీ ఒక చిక్కు వచ్చింది. పరిశీలన కాగితంలో కొట్టివేతలు పనికిరావు. పులి కనబడెనని రాసిన తర్వాత కనబడిన పులిని ముందుకు నడిపించవలసిందే గానీ, వెనక్కు తీసుకోవడానికి వీలు లేదు. కాబట్టి ఆయన రాశాడు: ‘ప్రశ్నించగా తన పేరు గఫూర్ సాబ్ అనియు, తన వృత్తి పరుపులు కుట్టుట అనియు పులి తెలిపెను.’

“సార్, నేను మనిషిని సార్.”

“ఆ సంగతి కింద రాస్తాను గఫూర్ సాబ్. ముందు రాసింది ముందే ఉంటుంది. బెల్లు ఉందా?”

“లేదు సార్.”

“బ్రేకు?”

“అది ఉండింటే ఈ ముళ్లెందుకు సార్?”

“సైకిలు పన్ను కట్టిన బిళ్ల?”

గఫూర్ సాబ్ తోక విప్పుకుంటూ నేల చూశాడు. శ్రీపాదరావు నిట్టూర్చి, ‘ఇట్టి పులులు బిళ్ల లేకుండా కొండదారిని వాడుకొనుచున్నవి’ అని రాశాడు.

హులిగమ్మ గఫూర్ సాబ్ వీపులో ముల్లు తీస్తూ ఎందుకో తల ఎత్తింది. పైన, శ్రీపాదరావు ఎక్కి దిగిన గుండుకు ఇంకా పైన, ఎండ పడుతున్న బండ మీద, ముందుకాళ్ల మీద గడ్డం ఆనించుకుని అది పడుకుని ఉంది. మచ్చలు. చెవులు. బండ అంచు నుంచి వేలాడుతున్న తోక కొస మాత్రం కదులుతున్నది. ఎంతసేపటి నుంచి చూస్తున్నదో, మొత్తం పరిశీలనను అదే పరిశీలిస్తున్నట్టుంది.

 హులిగమ్మ కొడుకు చెయ్యి పట్టుకుంది. వాడు ఆమె చూపు వెంట చూసి, గొంతు తగ్గించి అన్నాడు: “అదేమ్మా. ఏమీ సెయ్యదు. ఉరకద్దు, అంతే.”

“సార్,” అని హులిగమ్మ చివరకు పిలిచింది. “సార్... ఆడ... పైన...”

“తల్లీ,” అన్నాడు శ్రీపాదరావు తల ఎత్తకుండా, “పులి గురించి రాసేటప్పుడు అడ్డం మాట్లాడకూడదు.”

బండ మీది జంతువు నోరంతా తెరిచి ఒకసారి ఆవులించింది. లేచి, ఒళ్లు విరుచుకుని, గుండ్ల చాటుకు పోయింది. (ఎడమ పక్కనే పోయింది. కొండదారి నియమాలను పూర్తిగా పాటించిన ప్రాణి అదొక్కటే.)

పరిశీలన కాగితం వీరన్న సంచిలోనే అవతలికి పోయింది. జవాబు కూడా వాడి సంచిలోనే వచ్చింది. చారలు కలిగి, సైకిలు తొక్కి, పరుపులు కుట్టు పులి విషయమున తమకు ఆక్షేపణ లేదనీ, అది రెండు మండలాలకూ చెందినదిగా భావించవచ్చుననీ, అర్జీదారు చెప్పిన మచ్చలది మాత్రం రుజువు కాలేదు గనుక దాని నివాసంపై ఉత్తరాలు సాగించవలెననీ అందులో ఉంది. గఫూర్ సాబ్‌కు బిళ్ల తీసుకోమని నోటీసు వచ్చింది. పులి పేరు మీద తీసుకోవాలా, తన పేరు మీద తీసుకోవాలా అని ఆయన అడిగినందుకు ఇంకొన్ని ఉత్తరాలు నడిచాయి.

హులిగమ్మకు మాత్రం అన్నం సయించడం లేదు. ఇంతకాలం ఆమె భయానికి ముఖం లేదు. ఇప్పుడు ముఖం, మచ్చలు, తోక అన్నీ ఉన్నాయి. కళ్లు మూసుకుంటే వీరన్న కాళ్లెత్తి కొండ దిగుతున్నట్టూ, బండ మీది తోక కదలడం ఆగినట్టూ కనిపించేది. ఇక పట్టలేక ఒక పొద్దున నూనె మిల్లు మేడ ఎక్కి, ఎవరినీ అడక్కుండా లోపలికి పోయింది. అదృష్టవశాత్తు శ్రీపాదరావు రెండు విధాలా ఉన్నాడు.

“సార్, నా అర్జీలు నాకిచ్చేయండి. నాకు ఏ పులీ వద్దు. మావాన్ని కొండకు పంపద్దండి, మీకు పున్నెముంటాది.”

“దానికేం తల్లీ,” అన్నాడాయన ఎంతో దయగా. “ఇదిగో, ఇక్కడ సంతకం చెయ్యి. అర్జీలు వెనక్కు తీసుకున్నట్టు. ఫైలు మూసేస్తాను. ఫైలు మూస్తే ఉత్తరాలు ఉండవు. ఉత్తరాలు లేకపోతే మీవాడు కొండ ఎక్కే పని లేదు.”

హులిగమ్మ ముఖం విప్పారింది. కలం అందుకుంది.

“ఉద్యోగమూ ఉండదు,” అన్నాడు శ్రీపాదరావు అదే దయతో. “ఈ విభాగంలో ఇప్పుడు నడుస్తున్న ఫైలు అదొక్కటే. పోయిన వారమే పైకి రాశాను, చిరుత తేలడానికి ఏళ్లు పట్టవచ్చు, ఈలోపల జవానును పర్మనెంటు చేయండి అని. చేస్తారనే అనుకుంటున్నాను. సంతకం చేస్తే ఆ ఉత్తరం కూడా వెనక్కు తెప్పిస్తాను. నీ ఇష్టం తల్లీ. తొందరేం లేదు.”

కలం కాగితం మీద ఆనింది గానీ కదలలేదు. ఆస్పరి వాళ్లు శుక్రవారం వస్తామన్నారు. కింద మిల్లు గేటు దగ్గర వీరన్న సైకిలుకు గాలి కొడుతున్న చప్పుడు వినిపిస్తున్నది. తిక్కయ్య తలుపు దగ్గర నిలబడి చెవి మీది బీడీని సర్దుకున్నాడు. శ్రీపాదరావు బల్ల మీద చేతులు పెట్టుకుని, ఎంతసేపయినా ఎదురుచూడగల మనిషిలా ఎదురుచూశాడు. కింద గాలి కొట్టడం అయిపోయింది. వీరన్న బెల్లు ఒకసారి సరిచూసుకున్నాడు, మెల్లగా, నియమం ప్రకారం. ఆ చప్పుడు కూడా ఆగిపోయింది.  తిక్కయ్య ఒకసారి దగ్గి, దగ్గినందుకు సిగ్గుపడ్డాడు.

హులిగమ్మ కలం తీసి బల్ల మీద పెట్టింది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

“సార్, ఆ కొండలో ఎలుగ్గొడ్డు గూడ తిరుగుతాండాదంట. దానికి ఏరే అర్జీ రాయల్లనా, దీంట్లోనే కలపల్లనా?”